డైరీకెక్కని చదువు: ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాల్లో విద్యార్థి నాయకులు

జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) లాంటి విద్యార్థుల సేవా కార్యక్రమాల మీద మన విశ్వవిద్యాలయాల్లో వస్తున్న పరిశోధనలు చదివినప్పుడల్లా నాకు ఒకే అసంతృప్తి మిగులుతోంది. శిబిరానికి ముందొకసారి, తర్వాతొకసారి ప్రశ్నావళి నింపించుకుంటారు. సామాజిక స్పృహ పెరిగిందనీ, నాయకత్వ లక్షణాలు అలవడ్డాయనీ తేలుస్తారు. ఎవరికి, ఏ పని చేస్తుండగా అలవడ్డాయో మాత్రం అడగరు. పార పట్టిన వాలంటీరునీ, ఆ పనికి ఊరిని ఒప్పించిన లీడరునీ ఒకే గాటన కట్టేస్తారు. శిబిరాల్లో తిరిగినప్పుడు నాకు తోచింది వేరు. లీడర్లకు అబ్బే అసలు చదువు సేవ చెయ్యడంలో లేదు, దానికి ఏర్పాట్లు చెయ్యడంలో ఉంది. నలుగురినీ అడగడంలో, కాదంటే మళ్లీ వెళ్లడంలో, చివరికి లెక్క అప్పజెప్పడంలో ఉంది.

ఈ రంగంలో అందరూ ఉటంకించేది జానెట్ ఐలర్, డ్వైట్ గైల్స్ 1999లో వెలువరించిన ‘వేర్ ఈజ్ ద లెర్నింగ్ ఇన్ సర్వీస్ లెర్నింగ్’. అమెరికా కాలేజీల్లో 1,500 మందికి పైగా విద్యార్థులను పరిశీలించి రాసిన గ్రంథం. సేవ దానంతట అది పెద్దగా నేర్పదు, చేసినదాన్ని నెమరువేసుకుని, రాసి, చర్చించి, తరగతి పాఠంతో ముడిపెట్టుకున్నప్పుడే లోతుగా నేర్పుతుందన్నది వారి వాదనకు ఆయువుపట్టు. ఎన్‌ఎస్‌ఎస్‌లో వాలంటీర్లు రాసే వర్క్ డైరీ అంతకు ముందునుంచే ఉంది. ఈ పుస్తకం ఆ డైరీకి సిద్ధాంతబలం ఇచ్చింది. సమాజం మాటకు విలువ ఉండాలని కూడా వారు రాశారు. అయినా, నేర్చుకోవడం పని ముగిశాక కూర్చున్నచోట జరుగుతుందన్న ఊహే వారి వాదన పొడుగునా కనిపిస్తుంది. నా పేచీ దానితోనే.

1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో మొదలైన పథకం ఎన్‌ఎస్‌ఎస్. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అన్న చట్రం మనకు తెలిసిందే. ఆ ఏడు రోజుల్లో మురుగు కాలువ పూడికతీత దాదాపు ప్రతి శిబిరంలోనూ ఉంటుంది. కోస్తాలో నేను చూసిన ఒక శిబిరంలో కాలువ తవ్వడం ఒక పూటలో అయిపోయింది. తీసిన బురద ఎక్కడ పోయాలన్నది మాత్రం తెగలేదు. ఒడ్డునే వదిలేస్తే వాన పడగానే మళ్లీ కాలువలోకే జారుతుంది. ఎవరి గుమ్మం ముందు పోసినా ఊరుకోరు. ఒక పెద్దాయన, ‘మా పశువులు నడిచే దారిలో ఎలా పోస్తారయ్యా’ అని పారకు అడ్డంగా నిలబడ్డారు. లీడరు రెండో ఏడాది బీకాం విద్యార్థి. సర్పంచ్ గారింటికి వెళితే పొలానికెళ్లారన్నారు. పొలానికెళితే, ‘ట్రాక్టర్ ఇస్తాను గానీ డీజిల్ ఎవరు పోస్తారు బాబూ’ అన్నారు. డీజిల్ డబ్బు శిబిరం ఖర్చుల్లో ఏ పద్దుకూ చెందదు. ఆ కుర్రాడు వంటమనిషితో కూర్చుని, మర్నాటి కూరల్లో ఒకటి తగ్గించి డబ్బు మిగిల్చాడు. పెద్దాయన దగ్గరకు మళ్లీ వెళ్లి, ‘తాతా, మీరే చోటు చూపించండి’ అన్నాడు. ఆయన ఊరి చివర గుంట చూపించారు. ట్రాక్టర్ కదిలింది.

ఆ రోజు అతని డైరీలో ఉన్నది: కాలువ శుభ్రం చేశాం, పరిశుభ్రత విలువ తెలిసింది. వెనక పేజీల్లో పెన్సిలుతో వేసుకున్న లెక్కలో డీజిల్ ఉంది, కొట్టేసిన కూరగాయల మొత్తం ఉంది, ‘బిల్లు లేదు, సార్‌ని అడగాలి’ అన్న మాట ఉంది. ఎవరిని ఏ వేళకు కలవాలో, ఏ మాట ముందు చెప్పాలో, ఎదుటి మనిషికి నిర్ణయంలో చోటిస్తే అడ్డు ఎలా తొలగుతుందో అతను నేర్చుకున్నది ఆ వెనక పేజీల్లో తెలుస్తుంది. మూల్యాంకనంలో ఆ పేజీలను ఎవరూ తిప్పి చూడలేదు.

రక్తదాన శిబిరాలదీ ఇదే దారి. దాతకు 45 కిలోల బరువు, డెసిలీటరు రక్తంలో 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉండాలి. పేరిచ్చిన అమ్మాయిల్లో చాలామంది సూది గుచ్చి చూసే దగ్గరే ఆగిపోతారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఈ అంకెలు తరగతిలో చదివినవారికి అవి అంకెలే. లైన్లోంచి వెనక్కి వస్తున్న స్నేహితురాలికి ఏం చెప్పాలో తెలియక నిలబడిన లీడరు మాత్రం తర్వాతి ఏడాది ముందే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పరీక్షలు చేయించమని అడుగుతుంది. ఆ అడగడమే నాయకత్వం.

అయితే ఆ అవకాశం అమ్మాయిలకు దక్కుతోందా? నేను చూసినంతలో సర్పంచ్‌తో మాటలు, జమాఖర్చులు అబ్బాయిలవి. ముగ్గులు, స్వాగతగీతం, వేదిక మీద వ్యాఖ్యానం అమ్మాయిలవి. ఒకే శిబిరం, ఒకే సర్టిఫికెట్, చదువు మాత్రం రెండు రకాలు. ఇది నన్ను బాధించే విషయం. కొన్ని కాలేజీల్లో ప్రోగ్రామ్ ఆఫీసరుగా ఉండే అధ్యాపకులే అన్నీ చక్కబెట్టేస్తారు కాబట్టి అబ్బాయిలకూ ఏమీ మిగలదన్న ఆక్షేపణ ఉంది. ఏర్పాట్లు చెయ్యని చోట చదువూ ఉండదన్న నా వాదనకు అది బలమే.

ఏర్పాట్లలోనే చదువుందన్నది కాలేజీ గోడల బయటా రుజువైంది. నెల్లూరు జిల్లాలో 1991లో అక్షరదీపం అనే అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. మరుసటి ఏడాది దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీదికి వెళ్లారు. 1993 అక్టోబరుకు రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అక్షరదీపం వాచకంలోని పాఠమే సారా వ్యతిరేక ఉద్యమాన్ని రగిల్చిందని చాలామంది రాశారు. రాత్రి బడి నడపడానికి ఇంటింటికీ తిరిగి అడిగిన యువ వాలంటీర్ల అలవాటును అంతగా ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అడగడం అలవాటైన ఊరే నిలదీయడమూ నేర్చుకుంటుంది. 

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును తప్పనిసరి చేశారు. సర్వే ఫారాలు, నివేదిక, వైవా ఉన్నాయి. వైవాలో కూర్చునే అధ్యాపక మిత్రులకు నా విన్నపం ఒకటే. ఏం నేర్చుకున్నావని అడగకండి. ఎవరెవరిని అడిగావు, ఎవరు కాదన్నారు, తర్వాత ఏం చేశావు అని అడగండి. ఖర్చుల పుస్తకం తెమ్మనండి. ఆ పుస్తకాన్ని ఈసారి ఒక అమ్మాయి చేతికివ్వండి.