కోతిపుండు మాటలు

మిరపకాయలకు తొడిమలు తీసి వచ్చిన చేతులు రాత్రికి మండుతాయి. ఆ మంట మీద నీళ్ళు పోస్తే తగ్గదు. కారం నీటిలో కరగదు, తడి చెయ్యి తగిలిన చోటికల్లా పాకుతుంది. నూనె రాసుకోవాలని ఆ పని చేసే ఆడవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చిరాకుకూ, ఉన్న చిరాకును మరింత పెంచడానికీ మనుషులు పెట్టుకున్న మాటల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ముందు ఆ చేతులే గుర్తొస్తాయి.

ఇంగ్లీషులో ఈ రెంటికీ ఉన్న మాటలు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. అగ్రవేట్ అంటే లాటిన్ మూలంలో బరువెక్కించడం. ఎగ్జాస్పరేట్ అంటే గరుకు చేయడం. ఎగ్జాసర్బేట్‌లో ఉన్నది వగరూ చేదూ. ఉన్న కష్టాన్ని పెంచడమనే అర్థంలో వాడిన అగ్రవేట్‌ను 17వ శతాబ్దం నుంచే విసిగించడమనే అర్థంలోనూ వాడారు. 19వ శతాబ్దపు పండితులు అది తప్పన్నారు, జనం వినలేదు. జనమే సరైనవాళ్ళని నా నమ్మకం. విసుగుకూ, విషమించడానికీ మధ్య దూరం చాలా తక్కువ.

మన తెలుగులో ఆ దూరాన్ని చెరిపేసింది మంట అన్న మాట. పొయ్యిలోదీ మంటే, నాలుక మీదదీ మంటే, కడుపులోదీ మంటే. ఇది కవుల అతిశయోక్తి కాదు. మిరపలోని క్యాప్సైసిన్ తగిలితే మేలుకునేది వేడిని గుర్తుపట్టే గ్రాహకమేనని డేవిడ్ జూలియస్ బృందం 1997లో తేల్చింది. 2021 నోబెల్ బహుమతిలో ఆయన భాగానికి ఆ పనే పునాది. ఒంటికి నిప్పుకూ కారానికీ తేడా తెలియదు. భాష ఆ సంగతి ముందే పట్టుకుంది.

మిరప మనది కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ఓడల మీద అమెరికా ఖండాల నుంచి వచ్చింది. అంతకుముందు మన ఘాటు మిరియానిదే. కొత్త కాయకు మిరియం పేరే ఆనవాలుగా మిరపకాయ అయింది. కోపంతో ఊగేవాణ్ణి చూసి కారాలూ మిరియాలూ నూరుతున్నాడంటాం. ఆ ఒక్క పలుకుబడిలో రెండు కాలాల వంటిల్లు ఉంది.

మిరప రాకముందే పల్నాడు యుద్ధంలో మండింది. కోడిపందెంలో ఓటమి, వలస, ఆపైన రాయబారిగా వెళ్ళిన అలరాజుకు విషం. పల్నాటి వీరగాథలో చెప్పిన వరస ఇది. పందెం దగ్గర రేగిన పంతం దారిలో ఎక్కడైనా చల్లారి ఉండేది. ప్రతిసారీ ఎవరో ఒకరు కెలికారు. కోతిపుండు బ్రహ్మరాక్షసి అన్న సామెతకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. పుండు పెద్దదయ్యేది దెబ్బ వల్ల కాదు, ఊరుకోని చేతి వల్ల.

1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. సుమారు ఐదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా పోయారని అంచనాలు. అప్పుడు అక్కడ అధికారిగా ఉన్న చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన రాతల్లో దాన్ని కరువు అన్నాడు. పైవాళ్ళకు నచ్చిన మాట కొరత. ఆ మాటా, సాయం విషయంలో ఆయన నడుచుకున్న తీరూ వాళ్ళకు కంటగింపయ్యాయి. తర్వాత 1852లో తెలుగు నిఘంటువును అచ్చువేసిన మనిషి, అంతకు ఇరవై ఏళ్ళ ముందే ఒక్క మాట దగ్గర గట్టిగా నిలబడ్డాడని తలుచుకుంటే నాకు ఆయన మీద గౌరవం రెట్టింపవుతుంది. కరువును కొరత అంటే గంజి ఆలస్యమవుతుంది. మెత్తటి మాట కూడా పుండును ముదరబెడుతుంది.

చీరాల, పేరాల జనానికి 1919లో అక్కర్లేని మునిసిపాలిటీని అంటగట్టారు. పన్ను ఎన్నో రెట్లు పెరిగింది. వద్దని మొరపెట్టుకున్నకొద్దీ సర్కారు బిగిసింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం ఊళ్ళు వదిలి రామ్‌నగర్ పాకల్లో నెలల తరబడి ఉన్నారు. మరుసటి ఏడు పల్నాడు అడవుల్లో మేతపన్నైన పుల్లరి గొడవలో కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. చిరాకుతో మొదలైన తగవులను అంతదాకా తీసుకెళ్ళింది పాలకుల పట్టుదలే.

ఇక పత్తి. ఇక్కడ కాస్త ఆగాలి. 1980ల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట్లో కాయతొలుచు పురుగు రాలిపోయింది, రైతు సంబరపడ్డాడు. పురుగుతో పాటు దాన్ని తినే మిత్రపురుగులూ చచ్చాయి. కాయ తొలిచేవాటిలో బతికిన శనగపచ్చ పురుగు మందుకు అలవాటుపడింది. ఎవరూ లెక్కచేయని తెల్లదోమ విజృంభించింది. ఆకుల మీద జిగురు, జిగురు మీద నల్లటి మసి. పని చేయట్లేదంటే మరోసారి కొట్టారు, రెండు మూడు మందులు కలిపి కొట్టారు. సలహా చెప్పిందీ, అప్పుగా డబ్బా ఇచ్చిందీ చాలాచోట్ల మందుల కొట్టాయనే. 1987-88 నాటికి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలు దెబ్బతిన్నాయి. అప్పుల్లో మునిగిన రైతులు ప్రాణాలు తీసుకున్నారు, వాళ్ళలో కౌలుదార్లూ ఉన్నారు. రోగానికి వేసేదీ, పురుగుకు కొట్టేదీ మన భాషలో మందే. ఆ ఒక్క మాటలో ఉన్న నమ్మకానికి ఈ నేల ఎంత చెల్లించిందో తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది.

వ్యవసాయ శాఖ కాగితాల్లో పురుగు ఇలా విజృంభించడాన్ని ఉధృతి అని రాస్తారు. ఉధృతి అంటే అదేదో దానంతటదే వచ్చిన వరదలా వినిపిస్తుంది. ఎవరి చెయ్యి కెలికిందో ఆ మాటలో ఉండదు.

2021-22లో మిరప పూలలోకి నల్ల తామర పురుగు దిగింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగు అది. పూత రాలింది, కొంతమంది తోటలు పీకేశారు. మళ్ళీ డబ్బాల మీద డబ్బాలు, మళ్ళీ వారంలో రెండుసార్లు పిచికారీ. ఆ ఏడు చేను గట్టు మీద నిలబడితే వినిపించిన మాట ఒకటే. కొట్టినకొద్దీ పెరుగుతోంది.