కాగితం గుజ్జులో పిల్లల చేతులు

బెలూన్ ఊది, మైదా జిగురులో ముంచిన న్యూస్‌పేపర్ ముక్కలు దాని మీద నాలుగైదు పొరలు అతికించి, రెండ్రోజులు ఎండలో పెట్టి, సూదితో బెలూన్ని పగలగొడితే ఒక గిన్నె మిగుల్తుంది. ముక్కూ చెవులూ తగిలిస్తే అదే గిన్నె పందిపిల్ల అవుతుంది. పిల్లలతో చేయించాల్సిన క్రాఫ్టుల జాబితా ఏది తీసినా ఇది కనిపిస్తుంది. దాంతోపాటే ఒక హెచ్చరిక కూడా: ఇల్లంతా పాడవుతుంది, పాత బట్టలు వేయండి, నేల మీద ప్లాస్టిక్ షీటు పరవండి. ఆ హెచ్చరిక రాసేవాళ్ళు దాన్ని ఒక ఆకర్షణగానే రాస్తారు. పిల్లలు మోచేతుల దాకా ముంచాలి, పూసుకోవాలి, పాడుచేయాలి. ఆటలో మజా అదే.

ఈ ‘పాడుచేయడం’ అనే మాట నన్ను కొన్నాళ్ళుగా వదలడం లేదు. నేను చదివింది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏ వస్తువైనా ఎలా తయారవుతుందో తెలుసుకోవాలనే పిచ్చి కొద్దీ పేపర్ మాషే చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ వస్తువు సంగతి పక్కకి పోయి చేతుల సంగతి ముందుకొచ్చింది. ఈ గుజ్జులో పిల్లల చేతులు మునగడం ఇవాళ కొత్తగా మొదలవలేదు. ఒకప్పుడు కొన్ని ఊళ్ళల్లో తెల్లారి లేస్తే వాళ్ళ పని అదే. వాళ్ళకి పాడుచేసే వీలు మాత్రం లేదు.

పేరు ఫ్రెంచి. ‘పాపియే మాషే’ అంటే నమిలిన కాగితం. పని మాత్రం ఏ ఒక్క దేశానిదీ కాదు. కాగితం చేరిన ప్రతిచోటా, చిరిగిన కాగితాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకి జనం దాదాపు ఒకే జవాబు కనుక్కున్నారు. జపానులో గుండ్రటి దరుమా బొమ్మలు చేశారు. మెక్సికోలో ఈస్టరు ముందురోజు కాల్చడానికి జూడాస్ బొమ్మలు చేశారు. మన ఊళ్ళల్లో చేటలకి పూశారు. పాత నోటుబుక్కులూ పేపర్లూ నానబెట్టి, నానిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బి, ఆ ముద్దని వెదురు చేటలకీ బుట్టలకీ మందంగా అలికేవాళ్ళు. వెదురు సందులు మూసుకుపోయి నూకలు జారవు. మెంతుల చేదుకి పురుగు చేరదని నమ్మకం. కొందరు ఆ ముద్దని బోర్లించిన గిన్నె మీద పరిచి, ఎండాక ఊడదీసి విడిగా బుట్టలే చేసుకునేవాళ్ళు. మా అమ్మమ్మ తరం ఆడవాళ్ళకి ఇది బాగా తెలిసిన పని. దాన్ని ఎవరూ క్రాఫ్ట్ అనలేదు. వేసవిలో ఎండ వృథా పోకుండా చేసుకునే పనుల్లో ఒకటి, వడియాల్లాగా.

మనదేశంలో ఈ పనికి పెద్ద పేరు కశ్మీరుది. 15వ శతాబ్దంలో సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ కాలంలో మధ్య ఆసియా, ఇరాన్‌ల వైపునుంచి వచ్చిన పనివాళ్ళతో ఇది అక్కడ స్థిరపడిందని చెప్తారు. మొదట్లో కలాలు పెట్టుకునే పెట్టెలకి వాడేవారు కాబట్టి ‘కారె కలందానీ’ అనే పేరు వచ్చింది. అంటే రాతకి పనికిరాని కాగితం, రాసే కలానికి ఇల్లయిందన్నమాట. ఇందులో రెండు వేరువేరు పనులున్నాయి. కాగితాన్ని రోజుల తరబడి నానబెట్టి, రాతి రోట్లో దంచి, బియ్యపు గంజి కలిపి, అచ్చు మీద పరిచి, ఆరాక కోసి తీసి మళ్ళీ అతికించడం సఖ్త్‌సాజ్ పని. దాని మీద చినార్ ఆకులూ, పూలూ, పిట్టలూ గీయడం నఖ్ఖాష్ పని. షాపులో మనం మెచ్చుకునేది రెండోవాడి కుంచెని. మొదటివాడి పని రంగు కింద పడి కనబడదు. శ్రీనగర్లోని జడీబల్ లాంటి పేటల్లో ఈ పనులు కుటుంబాల్లో, పెద్దవాళ్ళ పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నవే.

ఇంగ్లండులో ఇదే కాగితం ఫాక్టరీ దారి పట్టింది. 1772లో బర్మింగ్‌హామ్‌కి చెందిన హెన్రీ క్లే ఒక పేటెంటు తీసుకున్నాడు. గుజ్జుకి బదులు కాగితం షీట్లనే జిగురుతో ఒకదానిమీద ఒకటి అచ్చు మీద అతికించి, నూనెలో నానబెట్టి, వేడి గదిలో ఎండబెట్టడం అతని పద్ధతి. అలా వచ్చిన పలకని రంపంతో కోయొచ్చు, చిత్రిక పట్టొచ్చు. ట్రేలు, బల్లలు, గుర్రపు బండ్ల పలకలు దాంతో తయారయ్యాయి. ఇప్పటి ఫైబర్‌గ్లాసులో ఉన్న ఆలోచనే ఇది: బలహీనమైన పొరలు, మధ్యలో జిగురు, రెండూ కలిస్తే బలం. బెలూన్ మీద పేపరు ముక్కలు అతికించే పిల్లలు తెలియకుండానే క్లే పద్ధతిలో నడుస్తున్నారు.

పిల్లల కథ అసలు మొదలయ్యేది జర్మనీలో, తురింగియా కొండల అంచున ఉన్న సోనెబర్గ్ అనే ఊళ్ళో.

ఆ చుట్టుపక్కల అడవి ఎక్కువ, మంచి సాగుభూమి తక్కువ. చెక్కబొమ్మలు చెక్కి అమ్ముకోవడం పాత అలవాటు. 1800 దాటిన తొలి ఏళ్ళల్లో పేపర్ మాషే అక్కడికి చేరింది. చెక్కని ఒక్కొక్కటిగా చెక్కాలి, దానికి చేయి తిరిగినవాడు కావాలి. గుజ్జుని అచ్చులో అదిమితే చాలు. ఒక అచ్చుతో ఎన్ని తలలైనా తీయొచ్చు, ఎవరైనా తీయొచ్చు. ఈ ‘ఎవరైనా’ అన్న మాట దగ్గరే పిల్లలు పనిలోకి వచ్చారు.

సోనెబర్గ్ బొమ్మలు చాలావరకు ఇళ్ళల్లోనే తయారయ్యేవి. షావుకారు ఆర్డరిస్తాడు, లెక్కకింత అని కూలీ కడతాడు. ఒక ఇంట్లో తలలు, ఇంకో ఇంట్లో చేతులూ కాళ్ళూ, మరో ఇంట్లో జుట్టు, వేరే ఇంట్లో గౌన్లు. వండుకునే, పడుకునే గదిలోనే పొయ్యి చుట్టూ తలలు ఆరేవి. వీపున పెద్ద బుట్టలు కట్టుకుని ఆడవాళ్ళు సరుకు మోసుకెళ్ళి షావుకారుకి అప్పజెప్పేవాళ్ళు. ఇచ్చే కూలీకి ఒక్కడి సంపాదన చాలదు. భార్య, ముసలివాళ్ళు, పిల్లలు అందరూ కూర్చుంటేనే రోజు గడుస్తుంది. క్రిస్మస్ ముందు నెలల్లో రాత్రుళ్ళు కూడా పనే. ప్రపంచంలో ఎక్కడో ఒక పాప నిద్రలో పక్కన పెట్టుకునే బొమ్మ కోసం ఇంకో పాప నిద్ర మానుకునేది. అక్కడి తల్లిదండ్రుల్ని రాక్షసుల్లా ఊహించుకోనక్కర్లేదు. లెక్కకింత అనే కూలీ పద్ధతిలో ఖాళీగా కూర్చున్న ప్రతి చెయ్యీ ఇంటికి నష్టమే.

నన్ను ఆపేసిన విషయం ఇంకొకటి ఉంది. అదే తురింగియా కొండల్లో, ఓబర్‌వైస్‌బాఖ్ అనే ఊళ్ళో 1782లో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ పుట్టాడు. 1837లో దగ్గర్లోని బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ పెట్టాడు. 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టాడు. పిల్లలు చేతులతో ఆలోచిస్తారని అతని నమ్మకం. కాగితం మడవడం, కత్తిరించడం, అల్లడం, మట్టితో బొమ్మలు చేయడం అతని చదువులో పాఠాలు. ఇవాళ మన ఎల్‌కేజీ పిల్లలు సాయంత్రం బ్యాగులో పెట్టుకొచ్చే కాగితపు చేపకి మూలం అక్కడుంది. ప్రష్యా ప్రభుత్వం 1851లో కిండర్‌గార్టెన్లని నిషేధించింది కూడా. నిషేధం ఎత్తేసేసరికి 1860 వచ్చింది. అప్పటికి ఫ్రోబెల్ లేడు.

ఒకే కొండల్లో, ఒకే కాలంలో రెండు రకాల బాల్యాలు. ఒకచోట పిల్లల చేతులు కాగితాన్ని తాకితే చదువు, ఇంకోచోట కూలీ. కదలికలు చూస్తే పెద్ద తేడా లేదు: తడపడం, అదమడం, అతికించడం, ఆరబెట్టడం. మరి తేడా ఎక్కడుంది?

ఈ ప్రశ్నకి చట్టం చెప్పిన జవాబు విచిత్రంగా ఉంటుంది. 1903లో జర్మనీ పిల్లల పని మీద ఒక చట్టం తెచ్చింది. అది ఇళ్ళల్లో జరిగే పనిలోకి కూడా తొంగిచూసింది. అయితే పరాయి పిల్లలకి ఒక నియమం, సొంత పిల్లలకి ఇంకో నియమం. సొంత పిల్లల విషయంలో పట్టు సడలించింది. సోనెబర్గ్ లాంటిచోట పనిచేసే పిల్లల్లో ఎక్కువమంది సొంత పిల్లలే కదా! నూటపదమూడేళ్ళ తర్వాత, 2016లో, మన బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు పధ్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని అన్ని పనుల్లోనూ నిషేధించి, బడి అయ్యాకో సెలవుల్లోనో కుటుంబ వృత్తిలో సాయం చేయొచ్చని ఒక తలుపు తెరిచి ఉంచారు. ప్రమాదకరమైన పనులు కాకపోతే చాలు. చేతివృత్తులు బతకాలంటే చిన్నప్పటినుంచే చేయి తిరగాలన్నది దీన్ని సమర్థించేవాళ్ళ వాదనల్లో ఒకటి.

ఆ వాదనని తేలిగ్గా కొట్టేయలేను. కశ్మీరులో నఖ్ఖాష్ కుంచెని ఇరవై రెండేళ్ళకి మొదటిసారి పట్టుకుంటే ఆ గీత వస్తుందా? అనుమానమే. కానీ మన దగ్గర దానికి ఎదురు నిలబడ్డ వాదన కూడా ఉంది. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎం.వి. ఫౌండేషన్ వేలమంది పిల్లల్ని పనుల్లోంచి బడికి తెచ్చింది. ఆ పనికే శాంతా సిన్హాకి 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. వాళ్ళ సూత్రం ఒకటే: బడి బయట ఉన్న ప్రతి పిల్లా, పిల్లాడూ బాలకార్మికులే. కూలీ పనా, ఇంటి పనా, కులవృత్తా అనే తేడా వాళ్ళు ఒప్పుకోలేదు.

గాంధీ మధ్యలో ఒక దారి వెతికాడు. 1937లో వార్ధా సమావేశంలో ముందుకొచ్చిన ‘నయీ తాలీమ్’లో చేతిపని చుట్టూ మొత్తం చదువు నడవాలి. నూలు వడుకుతూ లెక్కలు, పత్తి చూస్తూ భూగోళం. ఇంతవరకూ ఫ్రోబెల్‌కి దగ్గరే. కానీ పిల్లలు చేసిన వస్తువులు అమ్మి బడి ఖర్చు, టీచర్ల జీతాలు వెళ్ళదీయాలని కూడా ఆయన అన్నాడు. బడి కార్ఖానా అయిపోతుందని అప్పుడే విమర్శలొచ్చాయి. నాకు ఆ విమర్శ సరైనదే అనిపిస్తుంది. టీచరు జీతం తకిలీ మీద ఆధారపడితే, దారం తెగిన పిల్లని టీచరు ఏ కళ్ళతో చూస్తారు?

తేడా అక్కడుందని నాకు తోస్తోంది. పని పాడైతే ఏమవుతుంది అన్నదాంట్లో. గుజ్జు నేలపాలైతే సోనెబర్గ్‌లో ఆ పూట కూలీ పోతుంది. తల సొట్టపోతే షావుకారు తీసుకోడు. కిండర్‌గార్టెన్‌లో చేప తోక చిరిగితే ఇంకో కాగితం ఇస్తారు. మధ్యలో విసుగొస్తే లేచిపోవచ్చు. పాడుచేసే హక్కు, ఆపేసే హక్కు, చేసినదాన్ని తనదని చెప్పుకునే హక్కు. ఈ మూడూ ఉంటే అది ఆట, చదువు. లేకపోతే సొంత అమ్మానాన్నల పక్కన కూర్చుని చేసినా అది కూలే.

ఈ లెక్కలో చూస్తే మన స్కూలు ప్రాజెక్టులు కూడా పూర్తిగా గట్టెక్కవు. అగ్నిపర్వతమో సౌరకుటుంబమో చేసి తెమ్మంటారు. పిల్లలు చేస్తే వంకరగా వస్తుంది, మార్కులు పోతాయని రాత్రి పదకొండింటికి నాన్న కూర్చుని చేస్తాడు. మా ఆఫీసులో సోమవారం ఉదయం వేళ్ళకి ఫెవికాల్ పొరలు ఒలుచుకునే తండ్రులు నాకు తెలుసు. పాడుచేసే హక్కుని ఇక్కడ ప్రేమతోనే లాగేసుకుంటాం.

పోయిన వేసవిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో పిల్లలకి ఒక వర్క్‌షాప్ పెట్టారు. ఇరవైమంది పిల్లలు, రెండు బకెట్ల మైదా జిగురు. మధ్యాహ్నానికి గోడల మీద కూడా పేపరు ముక్కలే. పిల్లలు నిజంగా సంతోషంగా ఉన్నారు. అందరూ భోజనాలకి వెళ్ళాక నేల కడగడానికి ఒకావిడ, ఆవిడతో పదేళ్ళ కూతురు వచ్చారు. ఆ పాప రేకు ముక్కతో ఎండిన జిగురు గీకుతూ, బల్ల మీదున్న గిన్నెల్ని చూసి, “వీటికి మెంతులు రుబ్బి కలపలేదేంటి సార్? పురుగు పట్టేస్తది” అంది. “నీకెట్లా తెలుసు?” అన్నాను. “మా నాయనమ్మ చేటలకు పూస్తది. నేనే కాయితాలు చింపిస్త” అని మళ్ళీ పనిలో పడింది.

ఆ గదిలో పొద్దున్నుంచి ఉన్నవాళ్ళలో ఆ పనిమీద ఆ మాత్రం తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు, నేర్పడానికి వచ్చినవాళ్ళతో సహా. ఆమె నాయనమ్మ దగ్గర నేర్చుకున్నదాన్ని నేను కూలీ అనను. సెలవురోజు తల్లితోపాటు వచ్చి నేల గీకడాన్ని 2016 చట్టం ఏమంటుందో నాకు అక్కర్లేదు, అది మాత్రం కూలే. రెండూ ఆ చేతులే చేశాయి.

వచ్చే నెలలో మళ్ళీ ఆ వర్క్‌షాప్ ఉంది. కమిటీ వాళ్ళకి రెండు మాటలు రాసి పంపాను. మన దగ్గర పనిచేసేవాళ్ళ పిల్లలు వచ్చినా ఫీజు లేకుండా బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. పాడుచేసిన నేలని పాడుచేసినవాళ్ళూ, వాళ్ళ అమ్మానాన్నలూ కలిసి కడగాలి. మొదటిదానికి ఇద్దరు ముగ్గురు ‘చూద్దాం’ అన్నారు. రెండోదానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.