పాత గొట్టములు, క్రొత్త నాదము

పైపు ఆర్గన్ అనగా గాలితో పలుకు వేలకొలది పిల్లనగ్రోవుల సముదాయము. మీట నొక్కగా మూత తెరచుకొని గొట్టములోనికి గాలి పోవును. పారిస్‌లోని సెయింట్ సుల్పీస్ చర్చికి అట్టిదానిని 1781లో క్లికో నిర్మించెను. తరువాతి శతాబ్దపు అభిరుచి వాద్యబృందపు గంభీరఘోషను కోరినది. కవాయే-కోల్ దానిని పునర్నిర్మించి, 1862 నాటికి 64 నాదశ్రేణులను 100కు పెంచెను.

కాని గాలిపీడనము మూతలను అదిమిపట్టును గదా! ఇన్నిటిని ఒక్క వ్రేలు తెరువగలదా? బార్కర్ సాధనమే ఇందుకు ఉపాయము: వ్రేలు చిన్న తిత్తిలోనికి గాలిని వదలును, తిత్తి ఉబ్బి మూతలను లాగును. అడ్డుపడిన గాలిచేతనే చాకిరి చేయించుకొనుట ముచ్చటైన యుక్తి.

నాకు అంతకన్న మెచ్చదగినదిగా తోచునది వేరొకటి. తగరము, సీసముల పాత గొట్టములను కరగించుట తేలిక. ఆయన మాత్రము క్లికో గొట్టములను పెక్కింటిని క్రొత్తవాటి సరసనే నిలిపెను. అవి నేటికిని పలుకుచున్నవి.