అక్షరాలు ఎవరు అడిగితే వాళ్లకే సాక్ష్యం చెబుతాయి

సూరత్‌లోని గోడాదరా తెలుగువాళ్లకు కొత్త పేరేమీ కాదు. పక్కనున్న లింబాయత్‌తో పాటు ఇక్కడా తెలంగాణ నుంచి పవర్‌లూమ్ పనికి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి. ఈ పేరును ఇంగ్లీషులో జి, ఓ, డి, ఏ, డి, ఏ, ఆర్, ఏ అని ఎనిమిది అక్షరాలతో రాస్తారు. ఇచ్చిన అక్షరాల్లోంచి ఎన్ని ఇంగ్లీషు మాటలు తీయగలమో చూసే ఆట పిల్లలు ఆడుతుంటారు కదా, ఈ పేరుతో ఆడి చూడండి. గాడ్, అంటే దేవుడు, వస్తాడు. అవే మూడు అక్షరాలు తిరగేస్తే డాగ్, అంటే కుక్క. రోడ్, డ్రాగ్, యాడ్ కూడా వస్తాయి. ఆటగా బాగానే ఉంది. ఒకాయన మొదటి మాట మాత్రం పట్టుకుని "పేరులోనే దేవుడున్నాడు" అంటే? మిగతా మాటల లెక్కేమిటని మనం అడగాలి.

ఇలా అడిగినవాళ్లు చరిత్రలో ఉన్నారు. 17వ శతాబ్దపు ఇంగ్లండులో లేడీ ఎలినార్ డేవీస్ అనే ఆవిడ తానొక ప్రవక్తనని చెప్పుకుంది. ఆధారం? ఆమె పుట్టింటి పేరు ఎలినార్ ఆడ్లీ. ఆ అక్షరాలు తిరగరాస్తే "వెల్లడించు, ఓ దానియేలూ" అనే ఇంగ్లీషు వాక్యం వస్తుందట. దానియేలు బైబిలులోని ప్రవక్త. నిజానికి ఆ వాక్యం రావాలంటే యూ బదులు వి, వై బదులు ఐ వేసుకోవాలి. ఆ కాలపు స్పెల్లింగులో అది చెల్లింది. 1633లో మత న్యాయస్థానం ఆమెను విచారించింది. బైబిలు చూపించి వాదించినా ఆమె వినలేదు. అప్పుడు సర్ జాన్ లాంబ్ అనే న్యాయాధికారి కలం తీసుకుని, డేమ్ ఎలినార్ డేవీస్ అన్న అక్షరాలనే మార్చి "ఇంత పిచ్చి ఆడమనిషి మరొకతె లేదు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం రాసి చదివాడు. నేను లెక్కపెట్టి చూశాను. పదిహేడు అక్షరాలకు పదిహేడూ, ఒక్కటీ మార్చకుండా సరిపోయాయి! ఆమె పిచ్చిదని దీనితో రుజువు కాలేదు, ఆమెకు వేసిన జైలుశిక్ష న్యాయమనీ కాలేదు. అక్షరాలు రెండు పక్షాలకూ సాక్ష్యం చెబుతాయని మాత్రం తేలిపోయింది.

అంతకు ముందు 1610లో గెలీలియో శనిగ్రహం గురించి తాను కనిపెట్టింది ఒక లాటిన్ వాక్యంగా రాసుకుని, అందులోని 37 అక్షరాలను కలగాపులగం చేసి ప్రేగ్‌లో ఉన్న కెప్లర్‌కు చేరేలా పంపాడు. కెప్లర్ గొప్ప గణితవేత్త. అయినా ఆయన అందులోంచి అంగారకుడికి ఇద్దరు కవల పిల్లలున్నారనే అర్థం తీశాడు. గెలీలియో రాసింది మాత్రం శని మూడు ముక్కలుగా కనబడుతోందని. తమాషా ఏమిటంటే, 1877లో ఆసఫ్ హాల్ అంగారకుడికి నిజంగానే రెండు ఉపగ్రహాలు కనిపెట్టాడు. కెప్లర్ దివ్యదృష్టి అందామా? మనవాళ్లు దీనికే కాకతాళీయం అని పేరు పెట్టారు.

కెప్లర్ జవాబు తప్పని ఎలా తెలిసింది? అసలు వాక్యం ముందే గెలీలియో దగ్గర ఉంది కాబట్టి. మన అవధానాల్లో వ్యస్తాక్షరి పద్ధతీ ఇదే. పృచ్ఛకుడు ఒక వాక్యం ముందే రాసి పెట్టుకుని, అక్షరాలను వరుస తప్పించి, వాటి స్థానం సంఖ్యతో సహా ఇస్తాడు. చివర అవధాని చెప్పేది ఆ కాగితంతో సరిపోవాలి. సరిచూసుకునే కాగితం ఉంటే అది పరీక్ష. లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు చదువుకోవచ్చు.

1997లో మైకేల్ డ్రాస్నిన్ అనే విలేకరి హీబ్రూ బైబిలులో సమాన దూరాల్లో అక్షరాలు ఏరి, ఇజ్రాయెల్ ప్రధాని రాబిన్ హత్య అందులో ముందే ఉందని పుస్తకం రాశాడు. నా విమర్శకులు మోబీడిక్ నవలలో ఒక ప్రధాని హత్య చూపిస్తే వాళ్లను నమ్ముతానని సవాలు కూడా చేశాడు. ఆస్ట్రేలియా గణితవేత్త బ్రెండన్ మెకే 1851 నాటి ఆ తిమింగలం నవలలో అదే పద్ధతిలో వెతికాడు. ఇందిరాగాంధీ హత్య దొరికింది, రాబిన్ హత్యా దొరికింది!

ఇక మన వీధిలోకి వద్దాం. న్యూమరాలజిస్టులు వాడే కీరో పట్టికలో జికి 3, ఓకి 7, డికి 4, ఏకి 1, ఆర్‌కి 2. గోడాదరా మొత్తం 23. అది రాజయోగ సంఖ్య అని కీరో మాట. ఇదే పేటను కొందరు ఒక ఏ తగ్గించి రాస్తారు. అప్పుడు 22, భ్రమలో పడి మోసపోయే సంఖ్య. వీధి అదే, మగ్గాలు అవే! తెలుగులో రాస్తే నాలుగే అక్షరాలు, ఈ గొడవే లేదు. మన పేర్లకు ఇంగ్లీషులో ఒకే స్థిరమైన స్పెల్లింగు లేకపోవడమే ఈ వ్యాపారానికి పెట్టుబడి.

సూరత్ మొత్తం 16. కీరో లెక్కలో అది పిడుగు పడి కూలే బురుజు. 1994లో ప్లేగు వచ్చింది కదా అంటారు. మరి 1995లో కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు గారు చెత్త ఎత్తించి, కాలువలు బాగుచేయించాక, 1996లో ఇన్‌టాక్ సంస్థ ఈ నగరాన్నే పరిశుభ్రతలో దేశంలో రెండోదిగా పేర్కొంది. స్పెల్లింగులో ఒక్క అక్షరం మారలేదు.

రక్షణ శాఖ ఖాతాల్లో ఉద్యోగం చేసినవాణ్ని కాబట్టి చివరగా ఒక మాట. అదృష్టం కోసం పేరులో ఒక అక్షరం చేర్చుకున్న మనిషి పోయాక, సర్వీసు రికార్డులో ఒక స్పెల్లింగు, బ్యాంకు పుస్తకంలో ఇంకొకటి ఉంటే ఫ్యామిలీ పెన్షన్ ఫైలు ఆగుతుంది. అఫిడవిట్లు పట్టుకుని తిరగాల్సింది అతని భార్య. కనుక ఈసారి పేరు మార్చమనే పెద్దమనిషి ఎదురైతే, ఏ తేదీలోగా ఏం జరుగుతుందో ముందే కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. పెడితే మనమూ ఆ తేదీ వరకు ఆగి సరిచూద్దాం. ఫీజు మాత్రం ఆ తర్వాతే.