మడకశిర, పెనుకొండ గుట్టల కాలిబాటలు

2022 వరకు అనంతపురము జిల్లాలోను, అటుపిమ్మట శ్రీ సత్యసాయి జిల్లాలోను చేరియున్న మడకశిర, రొళ్ళ, పెనుకొండ ప్రాంతముల గుట్టలమీద, నీడ కరవైన రాతిగట్ల వెంబడి, ఒకదానినొకటి ఖండించుకొనుచు సాగు కాలిబాటలను ఎవరును ఒక పథకము ననుసరించి వేసినవారు కారు. కోటకావలివాండ్రు, కొండదేవరకు మ్రొక్కు చెల్లింపబోవు జనులు, గొఱ్ఱెలకాపరులు, కట్టెలమోపు నెత్తినిడుకొని దిగు స్త్రీలు త్రొక్కగా త్రొక్కగా ఏర్పడిన త్రోవలివి. వినోదార్థమై నడచుట మిక్కిలి క్రొత్త ముచ్చట.

ఈ సీమ వాన యెఱుగనిది. జిల్లాలో ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే యగుటచేతను, గ్రానైటు, నైసు శిలలు గుండ్లుగుండ్లుగా బయల్పడి మన్ను నిలువనీయకపోవుటచేతను, ఇచ్చట దట్టమైన అడవికి మాఱుగా తంగేడు, బలుసు, తుమ్మ, సీతాఫలపు పొదలును, వానలు వెనుదీసిన పిదప నడుమెత్తు పెరుగు బోదకసువును మాత్రమే కానవచ్చును. అందువలన గట్టెక్కినవానికి నలుదిక్కుల చూపునకు అడ్డముండదు, ఎండకును ఉండదు. బండలలో సహజముగా ఏర్పడిన నీటిగుంటలగు దొనలే ఇచ్చటి ప్రాణాధారము. నిటారుగా పోవలసిన బాట నిష్కారణముగా ప్రక్కకు ఒరిగినట్లు తోచినచోట కొంచెము వెదకినచో, చాలమార్లు ఒక దొనయో, ఎండినదైనను దాని ఆనవాలో కనబడును. గుట్టల బాటలను గీచినది రాజులకంటె నీరే యని చెప్పుట సాహసము కాదు.

రాజుల పాత్రయును తక్కువది కాదు. మడకశిరకు పడమట హేమావతి, పూర్వము హెంజేరనబడి, నొళంబ పల్లవులకు రాజధానిగా వెలసెను. విజయనగరకాలమున మొదటి బుక్కరాయలు తన కుమారుడైన విరూపణ్ణకు పెనుకొండ రాజ్యమును అప్పగించెనని 1354 నాటి కోటశాసనము తెలుపుచున్నది. 1565లో తళ్ళికోట యుద్ధమున విజయనగరము నాశనమైన వెనుక తిరుమలరాయలు ఘనగిరి యనబడు ఈ పెనుకొండకే తరలివచ్చి రాజ్యము సాగించెను. రాజధాని చంద్రగిరికి మరలువఱకు కొండమీది కావలి, క్రింది నగరు రేయింబవళ్ళు బాటలతో ముడివడియుండెను. గోడల నంటి పైకెక్కుచోట్ల బండను తొలిచిన మెట్లు నేటికిని కలవు. శతాబ్దముల పాదఘర్షణచే వాని నడుమభాగము నునుపెక్కి, వానకాలమున పాదరక్ష జాఱును గాని వట్టికాలు నిలుచును.

1687లో మొగలులు శిరా సుబాను ఏర్పఱచినప్పుడు పెనుకొండ అందొక పరగణా అయ్యెను. రొళ్ళకు చేరువనున్న రత్నగిరి, మడకశిర కొండకోటలు పాళెగాండ్రకు నెలవులైనవి. 1800లో నిజాము ఈ సీమను ఆంగ్లేయులకు దత్తము చేసిన పిదప, థామస్ మన్రో పాలనలో పాళెగాండ్ర బలమడగి, కోటల కావలి వ్యర్థమై, బాటలు పశువులకును కట్టెలకును మిగిలినవి. చరిత్రకారులు ఇట్టి కాలమును క్షీణదశ యందురు. బాటల దృష్టితో చూచినచో అది క్షీణదశ కానేకాదు, ఏలయన ఊరివారి యవసరము సైనికుని యాజ్ఞకంటె నమ్మకమైనది. శ్రావణము మొదలుకొని సీతాఫలములకై గంపలతో ఎక్కువారును, పూరిపాకల కప్పునకు బోద కోయువారును లేకున్నచో ఈ త్రోవలు ఏనాడో ముండ్లపాలగును.

ఇటీవలి దశకములలో బెంగళూరునుండి రైలుమీదను, హైదరాబాదు రహదారిమీదను వచ్చి పెనుకొండ నెక్కు యువకుల సంఖ్య పెరిగినది. వీరు ఎండకు భయపడి వేకువనే బయలుదేరుట మంచిదే గాని, ఎలుగుబంట్లు మేతనుండి గుహలకు మరలునదియు ఆ వేళయే. కనుక పల్లెవారు ప్రొద్దుపొడిచి వెలుగు బాగుగా వచ్చినదాక గుట్టక్రిందనే ఆగుమందురు. మాఘ ఫాల్గుణములలో ఎండిన బోదకు నిప్పంటుకొన్నచో గాలివాటున గట్టంతయు గడియలో కాలును. ఆ దినములలో గుట్టపై పొయ్యి రాజవేయువానిని ఏ కాపరియు క్షమింపడు.