ఒకే బల్ల, ఒకే రకం గ్లాసు



మన ఊళ్లలో ఏదైనా మాట తెగకపోతే "పద, టీ తాగి మాట్లాడుకుందాం" అంటారు. కోర్టుకెక్కాల్సిన గట్టు తగాదా టీ బంకు దగ్గర సర్దుకున్న సంగతులు మనకు తెలుసు. అదే బంకు దగ్గర పుట్టిన పుకారు రెండు కుటుంబాలను విడదీసిన సంగతులూ తెలుసు. గ్లాసులో ఉన్నది ఒకటే. అయినా ఒకచోట క్షేమాభివృద్ధి, మరోచోట కలహం. ఈ తేడా ఎక్కడ నుండి వస్తుంది? ఈ వారం కాఫీ చరిత్రను అడిగి చూద్దాం.

కాఫీ మొదట కబుర్ల కోసం వచ్చింది కాదు. 15వ శతాబ్దంలో యెమెన్ దేశంలోని సూఫీలు రాత్రి ప్రార్థనల్లో నిద్ర రాకుండా దానిని తాగేవారు. అక్కడ నుండి అది మక్కాకు, కైరోకు, ఇస్తాంబుల్‌కు చేరింది. జనం కూర్చుని తాగే చోట మాటలు పెరిగాయి. మాటలు పెరిగిన చోట అధికారులకు భయం పట్టుకుంది. 1511లో మక్కాలో ఖైర్ బేగ్ అనే అధికారి కాఫీని నిషేధించాడు. కైరోలో ఉన్న పైవారు ఆ నిషేధాన్ని నిలవనియ్యలేదు.

ఇంగ్లండులో మొదటి కాఫీ హౌస్ 1650లో ఆక్స్‌ఫర్డ్‌లో తెరిచారు. 1652లో పాస్క్వా రోజే అనే వ్యక్తి లండన్‌లో మొదటిది పెట్టాడు. అంతవరకు పదిమంది కూడి మాట్లాడుకునే చోటంటే ఎక్కువగా సారాయి, బీరు అమ్మే చోటే. కాఫీ మత్తు కాకుండా మెలకువ ఇచ్చింది. ఒక పెన్నీ ఇస్తే చాలు, ఎవరైనా లోపలికి వచ్చి, కాఫీ తాగి, పత్రిక చదివి, పక్కవాడితో మాట్లాడవచ్చు. అందుకే వాటికి "పెన్నీ విశ్వవిద్యాలయాలు" అని పేరొచ్చింది.

1674లో ఈ కాఫీ హౌస్‌ల నియమాలను పద్యరూపంలో అచ్చువేశారు. వాటిలోని భావం మనం ఆగి ఆలోచించదగినది. పెద్దవాడు చిన్నవాడు అనే తేడా లేకుండా ఎవరైనా ఖాళీగా ఉన్న చోట కూర్చోవచ్చు. గొప్పవాడు వచ్చాడని ఎవరూ లేచి చోటివ్వనక్కర్లేదు. ఒట్టుపెట్టి తిట్టినవాడు 12 పెన్నీలు కట్టాలి. దైవ సంగతులను ఎగతాళిగా మాట్లాడకూడదు. జగడం మొదలుపెట్టినవాడు అక్కడున్న వారందరికీ ఒక్కొక్క కప్పు కాఫీ ఇప్పించాలి.

ఈ చివరి నియమం చూడండి. జగడమాడినవాణ్ణి బయటికి గెంటమని అనలేదు. వెలివేయమనలేదు. అందరికీ కాఫీ ఇప్పించి, మళ్లీ అదే బల్ల దగ్గర కూర్చోమంది. శిక్ష కూడా కలిపేదిగా ఉంది. మన ఇళ్లలో, సంఘాల్లో తగాదా వచ్చినప్పుడు మనం ఇచ్చే శిక్షలు కలిపేవా, విడదీసేవా?

ఈ మాటలకు రాజు కూడా భయపడ్డాడు. రెండవ చార్లెస్ 1675 డిసెంబరు 29న కాఫీ హౌస్‌లు మూసేయాలని ప్రకటన ఇచ్చాడు. 1676 జనవరి 10 నుండి అది అమలు కావాలి. జనం నుండి ఎంత వ్యతిరేకత వచ్చిందంటే ఆ తేదీ రాకముందే దానిని వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

అయితే చరిత్రను సగమే చెప్పకూడదు. ఆ బల్లల చుట్టూ కూర్చుని మాట్లాడుకున్నది దాదాపు అంతా పురుషులే. ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీ హౌస్‌లో ఓడల వ్యాపారుల మాటల్లో నుండి లాయిడ్స్ అనే గొప్ప బీమా సంస్థ పుట్టింది. కానీ బానిసలను మోసుకెళ్లిన ఓడలకు బీమా చేసింది కూడా ఆ వ్యాపారమే. దానికి లాయిడ్స్ 2020లో క్షమాపణ చెప్పింది. అక్కడ మాటలు మర్యాదగానే జరిగి ఉంటాయి. కానీ బల్ల దగ్గర చోటు లేనివాని గురించి ఆ బల్ల మీద న్యాయమైన మాట రావడం కష్టం.

ఇప్పుడు పనిచేసే చోటికి వద్దాం. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలోని డెన్వర్ నగరంలో లాస్ విగ్వామ్ వీవర్స్ అనే నేత కంపెనీ ఉండేది. అక్కడ నెక్‌టైలు నేసేవారు. యువకులు యుద్ధానికి వెళ్లిపోగా యజమాని స్త్రీలను పనిలో పెట్టాడు. నేర్పు ఉంది గాని, రోజంతా మగ్గం దగ్గర నిలబడలేక అలసిపోయేవారు. యజమాని వారినే కూర్చోబెట్టి ఏం చేద్దామని అడిగాడు. పూటకు 15 నిమిషాలు, కాఫీ టీలతో విరామం ఇవ్వమన్నారు. ఇచ్చాడు. పని తగ్గలేదు, పెరిగింది. కానీ ఆ నిమిషాలకు కూలి కోశాడు. వ్యవహారం కోర్టుకు వెళ్లింది. ఆ విరామం వల్ల యజమానికి కూడా మేలు జరుగుతోంది గనుక దానికి జీతం ఇవ్వాల్సిందేనని 1956లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. మంచి ఆలోచన పైనుండి రాలేదు, అలసిన వారి నోటి నుండి వచ్చింది. అడిగినందుకే అది బయటపడింది.

మన దేశానికి వస్తే మనసు బరువెక్కుతుంది. పాత మద్రాసు రాష్ట్రంలో ఎన్నో కాఫీ హోటళ్లలో బ్రాహ్మణులకు వేరే గది ఉండేది. పల్లెల్లో టీ బంకుల దగ్గర రెండు గ్లాసుల పద్ధతి నడిచింది. కొందరికి లోపల బల్ల, కడిగి పెట్టిన గ్లాసు. దళితులకు బయట నేల, చూరులో పెట్టిన వేరే గ్లాసు, తాగినాక వాళ్లే కడుక్కోవాలి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చిన అస్పృశ్యత నేరాల చట్టం హోటళ్లలోని పాత్రలను వాడనివ్వకపోవడాన్ని కూడా నేరంగా చెప్పింది. ఒక దేశం గ్లాసు గురించి చట్టం రాసుకోవలసి వచ్చిందంటే ఆ గ్లాసులో ఎంత అవమానం నింపారో ఆలోచించండి. మన పెద్దల్లో ఆ గ్లాసు పట్టుకున్నవారు ఇంకా మన మధ్య ఉన్నారు. ఆ గ్లాసు చేతిలో ఉన్నవాడు ఊరి సంగతి మీద ఏం మాట్లాడగలడు? మాట్లాడినా ఎవరు వింటారు?

బల్ల దగ్గర వేరుపడే పాపం సంఘానికి కొత్త కాదు. అంతియొకయలో అన్యజనులతో కలిసి భోజనం చేస్తున్న పేతురు, కొందరు రాగానే భయపడి వెనుకకు తీశాడు. పౌలు అతన్ని ముఖాముఖిగా ఎదిరించాడు. అది తిండి తగాదా కాదు, సువార్త సత్యం గురించిన మాట అని గలతీ పత్రిక రెండవ అధ్యాయం చదివితే అర్థమవుతుంది.

కాబట్టి ప్రియులారా, ఆరాధన తరువాత టీ పంచేటప్పుడు, పొలం దగ్గర, ఆఫీసులో, కూలి పనిలో విరామం దొరికినప్పుడు నాలుగు సంగతులు జ్ఞాపకం ఉంచుకుందాం. అందరికీ ఒకే రకం గ్లాసు, ఒకే వరుస కుర్చీలు ఉండాలి. ఎవరు వచ్చినా ఎవరినీ లేపవద్దు. అక్కడ లేనివారి గురించి తీర్పు తీర్చవద్దు. టీ కాచి పోసే సహోదరీలను కూడా కూర్చోబెట్టి వారి మాట అడుగుదాం. ఇక ఎవరితోనైనా మాట తెగి ఉంటే, మొదటి గ్లాసు మనమే వారి చేతికి అందిద్దాం.

సమాధానకర్తయగు దేవుడు మీ బల్లలను, మీ మాటలను దీవించును గాక. ఆమేన్.