పెంట: కుప్పా, గూడెమా, అంగడా?

కోస్తా పట్నాల్లో 'పెంట' అన్న మాటను నలుగురిలో పలకడానికి జంకుతారు. పని చెడగొట్టినవాణ్ణి 'అంతా పెంట పెంట చేశాడు' అని తిట్టడానికే అక్కడ అది మిగిలింది. అదే తెలంగాణ పల్లెలో రైతు 'ఈ ఏడు చేనుకు పది బండ్ల పెంట కొట్టిన' అని గొప్పగా చెప్పుకుంటాడు. అతని లెక్కలో పెంట అంటే పేడ, బూడిద, కసవు, పశువులు తొక్కిన గడ్డి కలిసి ఏడాదంతా మాగిన ఎరువు. యూరియా బస్తాలు రాకముందు పెంటకుప్ప ఎత్తు చూస్తే ఆ ఇంటి గొడ్డూగోదా ఏపాటో తెలిసిపోయేది. దీపావళి నాడు గుమ్మానికీ కొట్టానికీ పెట్టినట్టే కుప్ప మీదా ఒక దీపం పెట్టే ఊళ్ళున్నాయి.

ఆ కుప్ప పసిపిల్లలకు కాపలా కూడా కాసింది. వరసగా బిడ్డలు దక్కని ఇంట్లో మళ్ళీ కాన్పు అయితే, పురిటిబిడ్డను తీసుకెళ్ళి పెంటకుప్ప మీద పడుకోబెట్టేవారు. పారేసిన బిడ్డను చావు ఆశించదని నమ్మకం. అక్కడినుంచి ఎత్తుకొచ్చి తల్లి ఒళ్ళో వేశాక మగపిల్లాడైతే పెంటయ్య, ఆడపిల్లయితే పెంటమ్మ. కుప్పయ్య, కుప్పమ్మ, తమిళుల కుప్పుస్వామి కూడా ఈ బాపతే. ఎంగిలి విస్తరిలో పడుకోబెట్టి లేవనెత్తిన బిడ్డ పుల్లయ్య. ఉత్తరాంధ్రలో ఇంకో ఉపాయం ఉండేది: బిడ్డను ఎవరికో ఇచ్చేసి, తవుడు పోసి తిరిగి కొనుక్కునేవారు. తవిటయ్య, తవిటమ్మ, తవిటినాయుడు అలా వచ్చినవాళ్ళే. వినడానికి మొరటుగా ఉన్నా, పిల్లల చావులు ఎక్కువగా ఉన్న కాలంలో తల్లులు కట్టుకున్న తాయెత్తులవి. టీకాలూ ఆసుపత్రి కాన్పులూ వచ్చాక ఈ పేర్లు తాతల తరంతో దాదాపు ఆగిపోయాయి.

నల్లమల ఎక్కితే మాట పూర్తిగా మారిపోతుంది. అక్కడ పెంట అంటే చెంచుల నివాసం. దగ్గరి బంధువుల గుడిసెలు కొన్ని, ఎడం ఎడంగా, నీటివసతి చూసుకుని వెలిసిన చోటు. అమ్రాబాద్ అడవిలో ఈర్లపెంట, అగర్లపెంట, కొమ్మనపెంట వంటి పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో ఈ అడవుల్లోనే చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ళ మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. చెంచుకు పెంట మురికి కాదు, ఇల్లూ చుట్టరికమూ ఉన్న చోటు.

మూడో అర్థం అన్నిటికంటే ఆశ్చర్యం. కాకతీయుల కాలపు శాసనాల భాషలో పెంట, పెంఠ అంటే అంగడి. వర్తకులు సరుకు దించి, సుంకం కట్టి, అమ్ముకున్న చోటు. ఆ మాటకు చుట్టాలు చాలామందే ఉన్నారు. పశ్చిమ ఉత్తరప్రదేశ్ ఊళ్ళల్లో వారపు సంతను నేటికీ 'పైంఠ్' అంటారు. ఒడియాలో 'పెంఠ' అంటే జనం చేరే కేంద్రం. మరాఠీలో అది 'పేఠ్'. పుణెలో బుధవార్, శనివార్ పేఠ్‌లున్నాయి. రాజమహేంద్రవరంలోని మంగళవారపుపేట, లక్ష్మీవారపుపేట పేర్లు కూడా ఆ వరసలోవే.

ఎరువూ గూడెమూ అంగడీ ఒకే మాట కాగలవా? పోగుపడటం అన్న అర్థంతో మూడింటినీ ఒకే తాటికి కట్టొచ్చు: పేడ పోగైన చోటు, గుడిసెలు పోగైన చోటు, సరుకు పోగైన చోటు. చక్కగా కుదిరిన వివరణే గానీ, అంత చక్కగా కుదరడమే కాస్త అనుమానం పుట్టిస్తుంది. మేకల పెంటికలు, కన్నడంలో మట్టిగడ్డకు వాడే 'హెంటె' చూస్తే ఎరువు పెంట దక్షిణాది మట్టిలో పుట్టినట్టుంది. అంగడి పెంటకేమో బలగమంతా ఉత్తరాదిన కనిపిస్తోంది. రెండు వేర్వేరు మాటలు తెలుగులోకి వచ్చేసరికి ఒకే రూపానికి దిగాయనుకోవడమే సబబు. అంగడికి 'పేట' స్థిరపడ్డాక పెంటకు ఆ కొలువు పోయింది, కుప్ప మిగిలింది.

మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్ళే పాఠకులకు ఒక మనవి. ఏ చెంచు పెద్దమనిషైనా 'మాది ఫలానా పెంట' అంటే నవ్వకండి. ఆయన చెబుతున్నది తన ఊరిపేరు.